దుఖాన్ ఇసుకలో ఇనుము వద్దన్నాను

ఈ ప్రయాణం ఒక వాదనతో మొదలైంది. నా ప్రయాణాలన్నీ అలాగే మొదలవుతాయని మా ఆయన అంటారు. ఆ మాట తప్పని నిరూపించే పని ఇంకోసారి పెట్టుకుంటాను.

వాదన ఇది: పాత నాణేలు వెతకడానికి మెటల్ డిటెక్టర్‌కి పెద్ద కాయిల్ మంచిదా, చిన్న కాయిల్ మంచిదా? తెలియనివారి కోసం చెబుతున్నాను. డిటెక్టర్ అంటే చివర పళ్ళెం బిగించిన కర్ర. ఆ పళ్ళేన్నే కాయిల్ అంటారు. దాన్ని నేలకి ఆనీ ఆననట్టు పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ నడిస్తే, కింద లోహం ఉన్నచోట కూత పెడుతుంది. పళ్ళెం పెద్దదైతే లోతుకి చూస్తుంది, కానీ కింద నాలుగు వస్తువులుంటే నాలుగింటికీ కలిపి ఒకటే కూత. చిన్నదైతే దేనికది విడదీసి చెబుతుంది, లోతు మాత్రం తక్కువ. నాది పెద్ద కాయిల్ పక్షం. మొయిన్ భాయ్‌ది చిన్న కాయిల్ పక్షం.

మొయిన్ భాయ్‌ది నిజామాబాద్. ఖతర్ పడమటి తీరాన దుఖాన్‌లో చమురు కంపెనీ క్వార్టర్స్‌లో ఉంటాడు, పంపుల మెయింటెనెన్స్ ఉద్యోగం. నాలాగే నాణేలు పోగుచేస్తాడు. నన్ను ఆపా అంటాడు, అంటే అక్క అని. అక్క మాట మాత్రం వినడు. యంత్రం అతనిది, దాంతో వచ్చిన చిన్న కాయిల్ అతనిది. ఖతర్ వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర పెద్ద కాయిల్ నేను కొన్నాను. రెంటినీ ఒకే రోజు, ఒకే ఇసుకలో పరీక్షించి తేల్చుకుందామని నెలరోజులుగా ఫోనులో అరుచుకుంటున్నాం.

మాకు కావలసినవేమిటో కూడా చెప్పాలి. ఒకప్పుడు ఈ దేశంలో మన రూపాయే చెల్లేది, మన అణాలే చెల్లేవి. తర్వాత కొన్నేళ్ళు ఖతర్, దుబాయ్ కలిసి ఒకే నాణెం వేసుకున్నాయి. దాని మీద జింక బొమ్మ ఉంటుంది, రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. దుబాయ్ కాదండీ, ఖతర్ అనండి అని మా అత్తగారికి ఫోనులో పదకొండేళ్ళుగా చెబుతున్నాను. ఆ నాణెం సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు. చెప్పే ఉద్దేశం కూడా లేదు.

నా వెనకాల ఎవరైనా బయలుదేరతారేమో, ముందే ఒక మాట. పాత కోటల దగ్గర, పాడుబడ్డ ఊళ్ళ దగ్గర, కంచె వేసిన ఏ చోటైనా ఈ యంత్రంతో అడుగుపెట్టకండి. చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే సబబు. మేము వెళ్ళింది జనం పిక్నిక్‌లకి వచ్చే మామూలు బీచ్‌కి. అక్కడ కూడా తవ్విన ప్రతి గుంటనీ పూడ్చాం.

జనవరి నెల, శనివారం. పొద్దున్న అయిదూ నలభైకి అల్ వుకైర్‌లోని మా ఫ్లాట్ నుంచి దిగాను. ఒక చేతిలో పులిహోర డబ్బా, ఇంకో చేతిలో గుడ్డ సంచిలో చుట్టిన కాయిల్. మా వీధి మొదట్లో ఆగే మెట్రోలింక్ బస్సుకి టికెట్ లేదు, కార్డు తాకిస్తే చాలు. ఆరూ అయిదుకి రావలసిన బస్సు ఆరూ అయిదుకే వచ్చింది. ఇలా వచ్చే బస్సులకి పదకొండేళ్ళయినా నేను అలవాటు పడలేదు. అల్ వక్రా స్టేషన్‌లో రెడ్ లైన్ ఎక్కాను. టికెట్ రెండు రియాళ్ళు. ఏడయ్యేసరికి నగరం మధ్యలో దిగి, కరక్ చాయ్ తాగి, బస్‌స్టేషన్‌కి నడిచాను. దుఖాన్ బస్సు ఏడున్నరకి కదిలింది. ఈ వేళలన్నీ నా గడియారం ప్రకారం. మీరు వెళ్ళే రోజున మళ్ళీ చూసుకోండి, తర్వాత నన్ను అనకండి.

బస్సులో ముందు వరస ఆడవాళ్ళకి. కాయిల్ ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో గ్యాస్ కట్టేశారా లేదా అని మా ఆయనతో ఫోనులో మాట్లాడాను. ఫోను పెట్టగానే నడవ అవతల సీటులోంచి ఒకతను వంగాడు. నలభై ఏళ్ళుంటాయి, ఎండకి ముఖం నల్లబడింది, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"అక్కా, తెలుగోళ్ళా? గది పెనమా?"

"కాదు."

"పెనం లెక్కనే ఉన్నది."

"పెనానికి వైరు ఉంటుందా?"

"కరెంటు పెనానికి ఉంటది గద."

అందుకని అసలు విషయం చెప్పాను. భూమిలో నాణేలు వెతికే యంత్రం తాలూకు భాగమని. అతను కాసేపు బయటికి చూశాడు. బయట చూడటానికేమీ లేదు, రోడ్డూ, ఇసకా, మధ్యలో ఒంటెల బొమ్మ ఉన్న హెచ్చరిక బోర్డూ. మళ్ళీ ఇటు తిరిగాడు.

"రూపాయి గిట్ట దొరుకుతదా అక్కా దానికి?"

"రూపాయి ఏమిటి, అణా దొరుకుతుంది."

ఈ మాట నేను అన్నట్టు గుర్తుంచుకోండి. నేనైతే మరిచిపోవాలనే చూస్తున్నాను.

అతని పేరు మల్లేశం. ధర్మపురి పక్కన గోదావరి ఒడ్డు మీది ఊరు. ఇక్కడ షట్టరింగ్ కార్పెంటర్, అంటే స్లాబు పోయడానికి చెక్కలు కొట్టే పని. మూడేళ్ళకి సెలవు దొరికింది, మర్నాడు పొద్దున్నే విమానం. నగరంలో నజ్మా పేటలో ఊరివాళ్ళ గదిలో పెట్టెలు కట్టి పెట్టి, ఒక్కడే దుఖాన్ వెళ్తున్నాడు.

"ఊరెళ్ళేవాడివి, ఈ రోజు దుఖాన్‌లో ఏం పని?"

"పోయిన శుక్రారం నాకు దావత్ ఇత్తమని క్యాంపోళ్ళు గీ బీచ్‌కే తీస్కపోయిన్రు. ఆడ నా ముడుపు వడిపోయింది."

ముడుపు సంగతి అతనే చెప్పాడు. అతను విమానమెక్కిన రోజు వాళ్ళమ్మ కొండగట్టు అంజన్నకి మొక్కుకుని, రూపాయి పావలా పసుపు గుడ్డలో పెట్టి ముడి వేసింది. కొడుకు చల్లగా తిరిగొస్తే వాడి చేతుల్తోనే హుండీలో వేయిస్తానని.

"ముడుపు ఇంట్లో దేవుడి దగ్గర కదా ఉంచుతారు? నీకెందుకిచ్చింది?" అన్నాను. నాకు పద్ధతి తప్పితే నచ్చదు.

"ఇంటికాడనే ఉంచుతరు. మా అమ్మ నన్ను నమ్మది గద. దేవుని పైసలు నీ ఒంటి మీదుంటే తాగవు బిడ్డా అని నాకే ఇచ్చింది."

"మరి తాగలేదా?"

"ఈ దేశంల మాకు యాడ దొరుకుతదక్కా."

ఇంకో మాట కూడా అన్నాడు. ముడుపు దేవుడికి ముట్టేదాకా కాళ్ళకి చెప్పులు తొడగనని వాళ్ళమ్మ అదే రోజు అనేసిందట. మూడేళ్ళ నుంచీ వట్టి కాళ్ళే. మిరప తోటకైనా, సంతకైనా, ఎండాకాలం తారు రోడ్డు మీదైనా.

నేను చదువుకున్నదాన్ని. బీఎస్సీలో నా సబ్జెక్టు ఫిజిక్సు, రెండేళ్ళు కాలేజీ ల్యాబులో డెమాన్‌స్ట్రేటర్‌గా కూడా చేశాను. అందుకని చదువుకున్నవాళ్ళు ఇచ్చే సలహానే ఇచ్చాను. "ఇంకో రూపాయి, ఇంకో పావలా కట్టి వేసెయ్. దేవుడికి నాణెం నంబరు గుర్తుంటుందా?"

"పావలా యాడ దొరుకుతది ఇప్పుడు? బందయ్యి ఎన్నేండ్లాయె. మా అమ్మ పెట్టెల ఒక్కటే ఉండె, గెండమృగం బొమ్మది."

"పావలా సంగతి నేను చూసుకుంటాను. నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి."

"పావలా నువ్విత్తవు. మా అమ్మ ఏసిన ముడి నాకు ఎయ్యత్తదా? ఆమె మూడు మెలికలు తిప్పి ఏత్తది. సూడంగనే వట్టేత్తది."

ఇలాంటి వాదన ఎదురైతే నేను మామూలుగా గొంతు పెంచుతాను. బస్సులో మిగతావాళ్ళు నిద్రపోతున్నారని పెంచలేదు.

తొమ్మిదీ పదికి దుఖాన్. ఖతర్‌లో చమురు మొదట పడింది ఇక్కడే. ఊరంతా గీత గీసి కట్టినట్టు ఒకే రకం ఇళ్ళు. మొయిన్ భాయ్ పికప్ వేసుకుని స్టాప్ దగ్గర నిలబడి ఉన్నాడు. నా పక్కన కొత్త మనిషిని చూశాడు.

"కౌన్ హై ఆపా? మీ తరఫు గవాయా?"

"సాక్షి కాదు, పరీక్ష," అన్నాను. "ఇతని నాణేలు రెండు ఇసుకలో ఉన్నాయి. ఎవరి కాయిల్ తీస్తే వాళ్ళు గెలిచినట్టు. నిజమైన నాణెం, నిజమైన ఇసుక. ఇంతకన్నా పరీక్ష ఏం కావాలి?"

మొయిన్ భాయ్ కథంతా విన్నాడు. అతని మొదటి సలహా కూడా ఇంకో రూపాయి కట్టెయ్యమనే. మల్లేశం అతనికి కూడా మూడు మెలికల సంగతి చెప్పాడు. "సహీ బాత్," అన్నాడు మొయిన్ భాయ్, నేను అనని మాట. "అమ్మ వేసే గాంఠ్ ఎవరికీ రాదు. బైఠో."

బీచ్ ఊరికి ఆనుకునే ఉంది. నీడకోసం వేసిన గొడుగుల్లాంటి పందిళ్ళు, వాటి కింద శుక్రవారాల బొగ్గు మరకలు. శనివారం పొద్దున్న కాబట్టి మేమూ, దూరంగా ఒక ఫిలిపినో కుటుంబమూ తప్ప ఎవరూ లేరు. మల్లేశం మూడో పందిరి చూపించి ఇక్కడే కూర్చున్నామన్నాడు. మొయిన్ భాయ్ యంత్రం బయటికి తీయబోయాడు. నేను ఆపాను.

"ముడుపు ఎక్కడ కట్టుకున్నావు?"

"తువ్వాల కొనకు ముడేసిన."

"నీళ్ళలోకి దిగావా?"

"దిగిన. తువ్వాల గీ గుంజకు ఏసి దిగిన. ఎల్లినంక తూడ్సుకున్న."

"తర్వాత తువ్వాలు దులిపావా?"

"దులిపిన."

"ఎక్కడ?"

అతను ఆలోచించాడు. "మనోళ్ళు బిర్యానీ తింటుండ్రి. బువ్వల ఇసుక వడ్తదని అటు వోయి దులిపిన." చెయ్యి చూపించాడు. పందిరికి ముప్ఫై అడుగుల అవతల, రోడ్డు వైపు.

వారం రోజులుగా అతను పందిరి కిందే పోయిందనుకుంటున్నాడు. రెండు రోజుల కిందట క్యాంపువాళ్ళిద్దరు వచ్చి పందిరి కిందే చేతుల్తో ఇసుక కెలికి వెళ్ళారట. అన్నం తినేవాళ్ళ పక్కన మనవాళ్ళెవరూ తువ్వాలు దులపరన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. గాలి ఎటు వీచిందో కూడా అడిగి, కర్రతో గీత గీసి, మా ఇంటి హాలంత స్థలం గుర్తుపెట్టాను. "అరె వా ఆపా, పోలీస్‌లో ఉండాల్సింది మీరు," అన్నాడు మొయిన్ భాయ్. నేను కాదనలేదు. చోటు విషయంలో ఆ రోజు నేను వంద శాతం కరెక్టు. ఇది ముందుగానే రాసిపెడుతున్నాను, ఎందుకంటే తర్వాత రాయడానికి అలాంటివి ఎక్కువ లేవు.

పదింటికి మొదలుపెట్టాం. ముందు యంత్రానికి మనకేం కావాలో చెప్పాలి. ఈ బీచ్‌లో ఇనుప చెత్త ఎక్కువ. కబాబు చువ్వలు, సీసా మూతలు, మంటకోసం తెచ్చిన పెట్టెల మేకులు. వాటన్నిటికీ కూస్తే సాయంత్రందాకా మేకులే తవ్వాలి. అందుకని ఇనుము తగిలితే నోరు మూసుకో అనే సెట్టింగ్ ఒకటుంటుంది. మొయిన్ భాయ్ దాన్ని సగానికి పెట్టాడు. నేను పూర్తిగా తిప్పేశాను.

"నాణెం ఇనుముతో చేస్తారా ఎక్కడైనా?" అన్నాను.

"ఫుల్ నక్కో ఆపా. సగం చాలు."

"మీది మెకానికల్ డిప్లొమా. నాది ఫిజిక్సు."

నా పర్సులోంచి ఒక పాత అణా తీశాను, అలల అంచుది, పరీక్ష కోసమే తెచ్చుకున్నాను. ఇసుకలో జానెడు లోతున పాతిపెట్టి పైన ఊపితే యంత్రం కోయిలలా పలికింది. సెట్టింగ్ బ్రహ్మాండంగా ఉందని ముగ్గురం ఒప్పుకున్నాం.

మొదట చిన్న కాయిల్. మొయిన్ భాయ్ ఊడ్చినట్టు మెల్లగా, ఒక్క అంగుళం వదలకుండా నడిచాడు. మల్లేశం వెనకాలే చిన్న పారతో. కూత వినబడ్డ ప్రతిసారీ మోకాళ్ళ మీద కూలబడి వేళ్ళతో ఇసుక జల్లించేవాడు. కూల్‌డ్రింక్ డబ్బాల మూత రింగులు పద్నాలుగు, చాక్లెట్ రేకులు, ఒక్క చెవికమ్మ, యాభై దిర్హాముల నాణెం ఒకటి, అదీ ఈ మధ్యదే. రింగు వచ్చినా, రేకు వచ్చినా మల్లేశం దాన్ని తుడిచి, పరీక్షగా చూసి, అప్పుడు సంచిలో వేసేవాడు. పదకొండూ ఇరవైకి గీత లోపలంతా అయిపోయింది. ముడుపు లేదు.

"చిన్న కాయిల్ కలాస్," అన్నాను. గొంతులో సంతోషం దాచాననే అనుకుంటున్నాను.

తర్వాత పెద్ద కాయిల్, నా చేత్తో. ఎత్తి ఊపితే భుజం దగ్గర కీలు ఏం మాట్లాడుతుందో దొర అమ్మేటప్పుడు చెప్పలేదు. సెన్సిటివిటీ పెంచితే నీటి అంచున ఉప్పు తడికి యంత్రం ఊరికే గొణిగింది. తగ్గిస్తే గొణుగుడు పోయింది, లోతూ పోయింది. పొడి ఇసుకలో మాత్రం బాగా నడిచింది. అడుగు లోతునుంచి ఒక అల్యూమినియం చెంచా తీశాను.

"చెంచా తీసే కాయిల్," అన్నాడు మొయిన్ భాయ్.

"మీది రింగులు తీసే కాయిల్."

"నా రింగులు పద్నాలుగు ఆపా. మీ చెంచా ఒక్కటే."

ఇలా ఇంకో పావుగంట సాగింది. ఆ పావుగంటా మల్లేశం గుంట పక్కన చతికిలబడి, పార ఒళ్ళో పెట్టుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "అక్కా, మూడున్నర బస్సు పోతే మళ్ళ ఎప్పుడున్నది?" అన్నాడు. మేము నోళ్ళు మూసుకున్నాం.

పన్నెండున్నరకి భోజనం. మొయిన్ భాయ్ భార్య బగారా అన్నం, దాల్చా పంపింది. నా పులిహోర కూడా విప్పాను. మల్లేశం ఏదీ సరిగ్గా తినలేదు. ముడుపు పోయిన సంగతి ఇంట్లో చెప్పావా అని అడిగాను. లేదన్నాడు.

"ఏమని చెప్పాలె? పోయిందంటే ఇంకో ముడుపు కడ్తది. ఇంకో మూడేండ్లు చెప్పులు తొడగది. ఆమెకు షుగరున్నది. మొన్న కాలికి ముల్లు దిగితే నెల వట్టింది మానుటానికి."

అతనే మళ్ళీ అన్నాడు, అన్నం కెలుకుతూ, ఎవరితోనో కాదు, తనలో తనే. "గీ మిషన్ల కంటె మా గోదారి కాడి మ్యాగ్నెట్ నయముండె."

"ఏ మ్యాగ్నెట్?" అన్నాను.

"పుష్కరాలప్పుడు, జాతరప్పుడు జనం గోదాట్ల పైసలు ఏత్తరు గదక్కా. మేం పోరగాండ్లప్పుడు స్పీకర్ల మ్యాగ్నెట్‌కు తాడు కట్టి నీళ్ళల్ల ఇసిరి గుంజుతుంటిమి. రూపాయలు, ఆఠాణాలు గుత్తులు గుత్తులు అంటుకొని అచ్చేటియి. రోజుకు నలభై యాభై ఎల్లేటియి."

నా చేతిలో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది.

అయస్కాంతానికి అంటుకునేది ఏమిటో తొమ్మిదో తరగతి పాఠం. ఇప్పటి మన రూపాయి రాగి కాదు, నికెల్ కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు, అదీ అయస్కాంతానికి అంటుకునే రకం. గెండమృగం పావలా కూడా అదే. నా డబ్బాలో అలాంటివి కనీసం వందున్నాయి. ప్రతి పొట్లం మీదా వాటి లోహం పేరు నా చేత్తో రాసుకున్నాను.

లేచి నా పర్సు వెతికాను. పోయిన సెలవుల్లో ఆటోవాడు ఇచ్చిన చిల్లర అడుగున ఉంది. ఒక రూపాయి బిళ్ళ తీసి ఇసుక మీద పెట్టాను. పాతలేదు, పైనే పెట్టాను, ఎండలో మెరుస్తోంది. యంత్రం దాని మీద ఊపాను. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. చిన్న కాయిల్‌తో, పెద్ద కాయిల్‌తో. యంత్రం నోరు మెదపలేదు. మూసుకొమ్మన్నది నేనే.

మల్లేశం రూపాయినీ, యంత్రాన్నీ, నన్నూ చూశాడు. "కండ్ల ముంగట్నే ఉన్నది గదక్కా," అన్నాడు.

"కనబడుతోంది," అన్నాను.

మొయిన్ భాయ్ దాల్చా గిన్నె మూత పెడుతున్నాడు. నా వైపు చూడలేదు. "ఫిజిక్స్," అన్నాడు గిన్నెతో.

అంటే పొద్దుటినుంచీ ఆ ముడుపు మీదుగా మేము ఎన్నిసార్లు నడిచామో మాకే తెలియదు. సరే, ఇనుము వద్దనే సెట్టింగ్ తీసేశాం. తీయగానే యంత్రానికి పూనకం వచ్చినట్టయింది. చువ్వలు, మేకులు, మూతలు, అన్నిటికీ ఒకేసారి కూత. చిన్న కాయిల్ అడుగుకి మూడుసార్లు అరిచింది. పెద్ద కాయిల్ ఆపకుండా అరిచింది. పదకొండు గుంటలు తవ్వాం, పదకొండు మేకులొచ్చాయి. ఒంటిగంటన్నర దాటింది. ఇలా అయితే మూడున్నరకి గీసిన చోటులో ఒక మూల కూడా అవ్వదు.

"భాయ్, మీ కాడ పాత స్పీకర్ ఉన్నదా?" అన్నాడు మల్లేశం.

మొయిన్ భాయ్ ఏమీ అడగకుండా పికప్ ఎక్కాడు. అరగంటకి తిరిగొచ్చాడు. మసీదు మైకుల మరమ్మతు చేసే మిత్రుడి దగ్గరనుంచి చాయ్ సాసరంత అయస్కాంతం, నైలాన్ తాడు. ఇక అక్కడినుంచి మా ఇద్దరి పనీ చూడటమే.

మల్లేశం ఇస్త్రీ చొక్కా విప్పి మడతపెట్టి నా సంచి మీద పెట్టాడు. అయస్కాంతాన్ని పులిహోర డబ్బాకి చుట్టిన ప్లాస్టిక్ కవరులో దూర్చి తాడు బిగించాడు. ఎందుకంటే మేకులు అంటుకుంటే పీకుతూ కూర్చోనక్కర్లేదు, కవరు తిరగదీస్తే అన్నీ రాలిపోతాయి. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ముందు పాదాలతో పైఇసుకని నాలుగు వేళ్ళ మందం కుళ్ళగించాడు, తర్వాత అయస్కాంతాన్ని మెల్లగా ఈడ్చాడు. దుక్కి దున్నినట్టు సాలు పక్కన సాలు. ప్రతి సాలు చివరా కవరు తిప్పి, రాలినవి వేళ్ళతో కెలికి, మళ్ళీ వెనక్కి. మొదటి సాలులో పదహారు మేకులు. రెండో సాలులో చువ్వ, మూతలు. మూడు, నాలుగు. నాకు సలహా ఇవ్వాలనిపించింది. మొయిన్ భాయ్ చెయ్యెత్తి, "ఆపా, నక్కో," అన్నాడు. జీవితంలో మొదటిసారి అతని మాట విన్నాను.

ఏడో సాలు మధ్యలో తాడు ఆగింది. మల్లేశం వంగాడు. అయస్కాంతాన్ని పైకెత్తలేదు, దాని కింద చెయ్యి పెట్టి ఇసుకతో సహా పట్టుకున్నాడు. ఇసుక వేళ్ళ సందుల్లోంచి జారింది. కవరు అడుగున, మేకుల మధ్య, చింతగింజంత ముడి ఉన్న చిన్న గుడ్డ మూట వేలాడుతోంది. ఎండకి వెలిసి పసుపు సగం పోయింది.

అతను మేకులు ఒక్కొక్కటే తీసేసి, మూటని రెండు చేతుల్తో కళ్ళకద్దుకున్నాడు. మొయిన్ భాయ్ "మాషా అల్లా" అని ఫిలిపినో కుటుంబం తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు. గడియారం రెండూ యాభై.

అప్పుడు నేను, నాణేలు పోగుచేసే మనిషి ఎవరైనా అడిగేదే అడిగాను. "విప్పు, చూద్దాం."

"ముడుపు విప్పద్దక్కా."

"సంవత్సరం ఒక్కటీ చూస్తాను. ఏ టంకశాలదో చూస్తాను. ఒక్క నిమిషం."

"అంజన్న సూత్తడు."

"ఆయనకి నాణేల గురించి ఏం తెలుసు?"

"పైసల గురించి నీకు తెలిసింది పొద్దటిసంది సూత్తనే ఉన్న గదక్కా," అన్నాడు, చాలా మర్యాదగా.

గుంటలన్నీ పూడ్చి, మేకులూ చువ్వలూ సంచిలో వేసి చెత్తడబ్బాలో పడేసి, మూడున్నర బస్సుకి అయిదు నిమిషాల ముందు స్టాప్ దగ్గరున్నాం. మొయిన్ భాయ్ అయస్కాంతం మల్లేశం చేతిలో పెట్టి ఉంచుకొమ్మన్నాడు. విమానంలో దాంతో లేనిపోని గొడవని నేనన్నాను, అతను వెనక్కిచ్చేశాడు. పెద్ద కాయిల్ తీసుకెళ్తారా, ఇక్కడే ఉంచుతారా అని మొయిన్ భాయ్ నన్నడిగాడు. ఇక్కడే ఉంచమన్నాను. భుజం నొప్పి వల్ల. వేరే కారణం లేదు.

తిరుగు బస్సులో మల్లేశం వాళ్ళమ్మకి వీడియో కాల్ చేశాడు. నెత్తిన కొంగు కప్పుకున్న ముసలావిడ తెర నిండా కనిపించింది.

"బిడ్డా, దుబాయ్‌ల బయలెల్లినవా?"

దిద్దబోయాను. దిద్దలేదు.

"రేపు పొద్దుగాలనే. ముడుపు నాకాడ్నే ఉన్నదే, ఇగో," అని చూపించాడు. ఆవిడ ముఖం దగ్గరికి తెచ్చి ముడిని చూసింది. మెలికలు లెక్కపెట్టుకున్నట్టుంది.

"గంతగనం ఎట్ల వెలిసింది రా?"

"ఎండలమ్మా. ఈడి ఎండలు నీకెర్కలేవు."

అది అబద్ధం కాదు. ఆవిడ తలూపింది. చెప్పుల గురించి అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఫోను పెట్టేశాక అతను కిటికీకి తలానించి నిద్రపోయాడు. పిడికిలి మాత్రం బిగించే ఉంది.

అయిదూ పదికి నగరంలో దిగాం. అతను నజ్మా వైపు, నేను మెట్రో వైపు. విడిపోయేముందు నన్ను చూసి, ఏమనుకున్నాడో, చెయ్యి చాపమన్నాడు. మూటని నా అరచేతిలో పెట్టాడు. "విప్పద్దు, వట్టుకో," అన్నాడు. గుడ్డ మీంచి బొటనవేలితో తడిమాను. చిన్నది పైన, పెద్దది కింద. సంవత్సరం వేలికి తెలియదు. తిరిగి ఇచ్చేశాను. అతను తువ్వాలు కొనకి కాదు, ఈసారి లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చుకున్నాడు.

వెళ్ళబోయేవారి కోసం చివరిగా: దుఖాన్ బీచ్ శుభ్రంగా ఉంది, మేము వెళ్ళొచ్చాక ఇంకొంచెం శుభ్రంగా ఉంది. దారి తేలిక, ఖర్చు తక్కువ, చలికాలంలోనే వెళ్ళండి. మీరు దేన్ని వెతుకుతున్నారో దాన్నే ముందు యంత్రం కింద పెట్టి చూసుకోండి. మీకు నచ్చిన నాణేన్ని కాదు. పాత నాణేలకి ఏ కాయిల్ మంచిదన్నది తేలలేదు. ఫోనులో ఇంకా నడుస్తోంది.

ఆరున్నరకి అల్ వక్రా స్టేషన్ బయట మా ఆయన కారులో ఉన్నారు. నా చేతిలో పెనం లేకపోవడం చూశారు, దాని గురించి అడగని తెలివి ఆయనకుంది.

"ఏమైనా దొరికిందా?"

"రూపాయి పావలా."

"ఏదీ, చూపించు."

"నేనే చూడలేదు," అన్నాను.